పిల్లల పక్కన కూర్చొని చూద్దాం

(కడపలో ఒక పాఠశాల తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి "పిల్లలు, సినిమాలు, ఫోన్ల గురించి ఒక పది నిమిషాలు మాట్లాడమ్మా" అన్నారు. నేను టీచర్ను కాదు, డాక్టర్ను కాదు. అయినా వెంటనే సరే అన్నాను. మా ఇంట్లో జరిగిన రెండు సంగతులు మీతో చెప్పుకోవాలని ఎప్పటినుంచో మనసులో ఉంది.

మా ఇంట్లో ఐదుగురం. నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే కొడుకు, రెండో తరగతి పాప, మా అత్త. పిల్లలు ఆమెను జేజి అని పిలుస్తారు.

మూడేళ్ల కింద పండగ సెలవుల్లో పెద్ద హీరో సినిమాకు అందరం పోయినాం. పాపకు అప్పుడు నాలుగేళ్లు. ఇంటర్వెల్‌కు ముందు నరుకుడు సీను వచ్చింది. బొమ్మ కంటే ఆ సౌండే ఎక్కువ. పాప రెండు చేతులతో చెవులు మూసుకొని నా పక్కలోకి దూరింది. నేను దాని వీపు తడుతూ "ఏం కాదులే, ఉత్తుత్తిదే" అన్నాను గానీ కళ్లు తెర మీద నుంచి తిప్పలేదు. సీను అయిపోయినాక చూసుకుంటే, పిడికిట్లో నా కొంగు ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆ ముడతలు ఇంటికి వచ్చేవరకూ అట్లనే ఉన్నాయి. ఆ రాత్రి రెండింటికి లేచి కూర్చుంది. "అమ్మా, తలుపు గడియ పెట్టినావా?" అని అడిగింది. వారం పది రోజులు అదే ప్రశ్న. చివరికి వాళ్ల జేజి పక్కన పడుకోబెట్టుకొని, వీధి తలుపు దాకా చెయ్యి పట్టుకొని తీసుకుపోయి, గడియ ముట్టించి చూపించి, అప్పుడు నిద్రపుచ్చేది.

ఆ సినిమా పోస్టరు మీద యూఏ అని ఉంది. నేను చూడలేదు. చూసినా పట్టించుకొనేదాన్ని కాదేమో. పన్నెండేళ్ల లోపు పిల్లలు తల్లిదండ్రుల తోడుతో చూడాలని అప్పట్లో దాని అర్థం. తోడు అంటే టికెట్ కొని పక్క సీట్లో కూర్చోవడం అనుకున్నాను. అది చాలదని పాప పిడికిలి చూసినాక తెలిసింది.

ఇప్పుడు ఈ విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2024లో వచ్చిన కొత్త రూల్స్‌తో ఆ యూఏను మూడుగా విడగొట్టారు. యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఏడేళ్ల లోపు, పదమూడేళ్ల లోపు, పదహారేళ్ల లోపు పిల్లలను తీసుకుపోయే ముందు ఆలోచించండి అని మనకు చెప్పడం అది. పెద్దలకు మాత్రమే అని ఇచ్చే 'ఏ' (A) సర్టిఫికెట్ ఉన్న సినిమాకైతే పిల్లలను హాల్లోకి రానివ్వకూడదు. ఈ యూఏ అంకెల సంగతి అట్ల కాదు, అక్కడ నిర్ణయం మనదే. కాబట్టి టికెట్లు బుక్ చేసేటప్పుడు హీరో పేరు చూసినట్టే ఆ అంకె కూడా చూడండి. ఇంట్లో చూసే ఓటీటీలకు కూడా 2021 నుంచి ఇట్లాంటి అంకెలే ఉన్నాయి. 13+ అంతకు మించిన వాటికి పేరెంటల్ లాక్ పెట్టుకునే సౌకర్యం వాళ్లు ఇవ్వాలని నిబంధన. సెట్టింగ్స్‌లోకి పోయి నాలుగంకెల పిన్ పెట్టడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఈ రాత్రే ఆ పని చెయ్యండి.

చంటిపిల్లల తల్లులకు ఇంకొక మాట. ఫోన్ పెడితేనే ముద్ద దిగుతుంది అంటాం. నేనూ అన్నదాన్నే. ఏడాది పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఇక రెండో సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

పోయినేడు హైదరాబాదులో మా చుట్టాల పెళ్లికి పోయినాం. పిల్లలంతా ఒక గదిలో చేరారు. వాళ్లలో ఒక పిల్లవాడు మా వాణ్ని అడిగాడు, "మీ కడపలో ఇండ్లలో బాంబులుంటాయంట కదా?" అని. మా వాడు "ఊ, ఉంటాయి" అని తొడ కొట్టి చూపించాడు. గదంతా నవ్వింది. గుమ్మం దగ్గర నిలబడి ఆ నవ్వు విన్నాను నేను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, "బాంబు ఎప్పుడైనా చూసినావా రా?" అని. లేదన్నాడు. "మరి ఎందుకట్ల చెప్పినావు?" అంటే, "సినిమాల్లో మనల్ని అట్లనే చూపిస్తారు కదమ్మా" అన్నాడు.

1990ల చివరి నుంచి చాన్నాళ్లు మన సీమ పేరు చెబితే తెర మీద సుమోలు, వేటకొడవళ్లు, పేలుళ్లే. మన యాస విలన్ నోట్లోనే వినిపించేది. ముఠా తగాదాలు లేవని నేననను. మా పుట్టింటి ఊళ్లో మొగుణ్ని అట్ల పోగొట్టుకున్న ఒకామె ఉండేది. సాయంత్రం అయితే అరుగు మీద కూర్చొని చేటలో చెనిక్కాయలు వలుస్తూ ఉండేది. బడి నుంచి వచ్చే మాకు తలా ఒక పిడికెడు పెట్టేది. ఆమె లాంటి మనిషిని నేను ఏ ఫ్యాక్షన్ సినిమాలోనూ చూడలేదు. చంపేవాడికి పాట ఉంటుంది, ఫైట్ ఉంటుంది. ఆ అరుగు ఉండదు. నా కొడుకు ఆ సినిమాలు ఫోన్లో ముక్కలు ముక్కలుగా ఒంటరిగా చూశాడు. పక్కన నేను ఉండి ఉంటే ఆమె గురించి చెప్పేదాన్ని. ఆ మాటే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

అందుకే ఇంటికి వచ్చినాక ఒక పని మొదలుపెట్టాం. ఆదివారం సాయంత్రం ఆరు నుంచి అందరి ఫోన్లు, మా ఆయనది కూడా, బీరువా మీద. హాల్లో చాప. ఉడకేసిన చెనిక్కాయలు గానీ, బొరుగుల్లో ఉల్లిగడ్డ, కారం కలిపి గానీ ఒక పెద్ద పళ్లెం. వారానికి ఒకరి వంతు. ఎవరి వంతు అయితే వాళ్లు చెప్పిందే అందరూ చూడాలి. మధ్యలో లేచి పోకూడదు. ఎవరికైనా ఏదైనా అడగాలనిపిస్తే ఆపమని చెప్పొచ్చు.

మొదటి వంతు జేజికి ఇచ్చాం. ఆమె "మాయాబజార్" పెట్టమంది. 1957 నాటి సినిమా, మూడు గంటలు, నలుపు తెలుపు. పిల్లలు మొహాలు మాడ్చుకున్నారు. మా ఆయన వాళ్లకు చెప్పాడు, ఈ సినిమా తీసిన కె.వి. రెడ్డి గారు మన పక్కన తాడిపత్రిలో పుట్టిన మనిషి, తీయించిన విజయా సంస్థ నాగిరెడ్డి గారు మన కడప జిల్లా వారు, చందమామ పత్రిక కూడా 1947లో ఆయనా చక్రపాణి గారూ కలిసి పెట్టిందే అని. నాగిరెడ్డి గారి అన్న బి.ఎన్. రెడ్డి గారు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు తీసుకున్న మొదటి తెలుగువారు. మా వాడు చాప మీద సర్దుకొని కూర్చొని "వీళ్లంతా మనోళ్లేనా?" అన్నాడు. పెళ్లి భోజనం దగ్గరికి వచ్చేసరికి పాప పళ్లెంలో చెయ్యి అట్లనే పెట్టి తినడం మరిచిపోయింది. అంతా అయిపోయినాక మా వాడు అడిగిన ప్రశ్న ఏమంటే, "అమ్మా, ఇంతసేపూ పాండవులు ఎక్కడ?" నిజమే, ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనబడరు. నేను ఎన్నోసార్లు చూశాను, నాకెప్పుడూ తట్టలేదు. ఏడో తరగతి పిల్లవాడికి తట్టింది. నాకు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను.

ఆ రాత్రి జేజి తన చిన్నప్పుడు చూసిన సురభి నాటకం గురించి చెప్పింది. ఊరి బయట గుడారం వేశారంట. పిల్లలకే కాదు, మాకూ అది కొత్త కథే. ఆ సురభి అనే పేరు మన జిల్లాలోని ఊరిదే. తోలుబొమ్మలు ఆడించుకొని బతికే కుటుంబాల వాళ్లు 1885లో ఆ ఊళ్లో కీచకవధ నాటకం వేసి రంగస్థలం మీదికి వచ్చారు. వనారస గోవిందరావు గారు ఆ నాటక సమాజాన్ని నిలబెట్టారు. తల్లి, తండ్రి, పిల్లలు, ముసలివాళ్లు అందరూ అదే నాటకంలో వేషాలు వేసేవాళ్లు. మగవాళ్లే ఆడ వేషాలు కట్టే కాలంలో వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు స్టేజి ఎక్కారు. "చంకలో పిల్లను దించి వేషం కట్టుకొని పోయేది ఒకామె. నేను తెర సందులోంచి చూసినా" అని జేజి చెబుతుంటే పాప ఆమె ఒళ్లోకి జరిగింది. హైదరాబాదు పిల్లలు మళ్లీ అడిగితే చెప్పడానికి మా వాడికి ఇప్పుడు ఒక మాట ఉంది.

ప్రతి వారం ఇంత బాగా జరగదు. మా వాడి వంతు వచ్చినప్పుడు కొట్లాట సినిమానే పెడతాడు. వద్దనను. అంకె చూసి, పాపకు పనికిరానిదైతే మాత్రం మార్చమంటాను. ఒకసారి ఒక కామెడీ సీన్లో నల్లగా ఉన్న అమ్మాయిని చూసి హీరో స్నేహితులు ఎగతాళి చేస్తారు. మా ఆయన నవ్వాడు. పాప రిమోట్ తీసుకొని ఆపి, "నాన్నా, నేనూ నల్లగానే ఉన్నా కదా, ఎందుకు నవ్వినావు?" అని అడిగింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తప్పు అయింది నాన్నా" అన్నాడు. నాకు తెలిసినంతలో, తండ్రి తప్పు ఒప్పుకోవడం మా పిల్లలు చూడడం అదే మొదటిసారి. అదే సీను ఆ పిల్ల ఒంటరిగా ఫోన్లో చూసి ఉంటే? ఆ ప్రశ్న ఎవరిని అడిగేది? మనసులో పెట్టుకొని అద్దం ముందు నిలబడేది.

సీరియళ్ల మీద మా ఇంట్లో ఇంకా తగువు తెగలేదు. కోడలి పాలల్లో విషం కలిపే అత్తలను చూసి జేజికే కోపం. "ఇట్లాంటి అత్త యాడుందే?" అంటుంది, మళ్లీ ఏడు కాగానే టీవీ ముందు కూర్చుంటుంది. నేను కూడా వంట పక్కన పెట్టి ఆమె పక్కన కాసేపు కూర్చుంటాను. మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకునేది ఆ అరగంటలోనే, అందుకే ఆ సీరియల్ ఆపమని నేను అడగను.

మీకు ఆదివారం కుదరకపోవచ్చు. షాపులున్నవాళ్లకు, డ్యూటీలున్నవాళ్లకు ఆదివారమే పని ఎక్కువ. పొద్దున ఉగ్గాని తినే పది నిమిషాలైనా చాలు, "నిన్న ఫోన్లో ఏం చూసినావు, నాకూ చూపించు" అని అడిగి, వాళ్లు చూపించేది తిట్టకుండా చివరి వరకూ చూడండి. మొదట్లో దాస్తారు. నాలుగో రోజుకు వాళ్లే ఫోన్ తీసుకొని వస్తారు. మా వాడు అట్లనే వచ్చాడు.

రేపు ఆదివారం మా పాప వంతు. ఏనుగు బొమ్మల సినిమా అంట, ఇది మూడోసారి. పోతూ పోతూ మార్కెట్లో పచ్చి చెనిక్కాయలు ఒక కేజీ తీసుకోవాలి. ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ నమస్కారం.