కానొనెట్ రేంజ్‌ఫైండర్: మీ కన్నుదో దారి, లెన్స్‌దో దారి

నమస్తే అండి. ఇదిగో, నా చేతిలో ఉన్నది కానన్ కానొనెట్ క్యూఎల్17 జీ-3. 1972లో వచ్చిన కెమెరా. లెన్స్ 40 ఎంఎం, ఎఫ్/1.7 (ఎఫ్ అంకె లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది). షటర్ పూర్తిగా మెకానికల్, కాబట్టి బ్యాటరీ లేకపోయినా ఫొటో పడుతుంది. ఇలాంటిది మీ చేతికొస్తే ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. మీరు చూసేది పైనున్న ఈ చిన్న కిటికీలోంచి, అంటే వ్యూఫైండర్‌లోంచి. ఫిల్మ్ చూసేది కిందున్న లెన్స్‌లోంచి. రెండూ వేర్వేరు దారులు. ఈ కెమెరాతో జరిగే పొరపాట్లు చాలావరకు ఇక్కడే పుడతాయి.

నా మొదటి రోల్ సంగతే చెబుతాను. డెవలప్ చేయించి చూసుకుంటే వరసగా 11 ఫ్రేములు ఖాళీ. లెన్స్ మూత తీయలేదు. లెన్స్‌లోంచే చూసే ఎస్సెల్లార్ కెమెరాలో అయితే మూత ఉంటే చీకటే కనిపిస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. ఇందులో ఎదురుగా ఉన్నదంతా చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. పోయిన ఆ ఫొటోలు మళ్లీ తీయగలిగేవి కావు, ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆటో మోడ్‌లో ఉండి ఉంటే కెమెరానే ఆపేది. వెలుతురు కొలిచే మీటర్ కన్ను లెన్స్ చుట్టూ ఉన్న ఈ రింగ్ లోపలే ఉంది, మూత దాన్నీ మూసేస్తుంది, అప్పుడు బటన్ దిగదు. నేను మాన్యువల్‌లో పెట్టి తీశాను. అప్పటినుంచి బయట అడుగు పెట్టగానే మూత జేబులోకి వెళ్లిపోతుంది.

ఫిల్మ్ వేసే ముందు వెనక తలుపు తెరిచి చూడండి. అంచుల్లో నల్లటి స్పాంజి ఉంటుంది, వెలుతురు లోపలికి చొరబడకుండా. ఇన్నేళ్లకి అది జిగురుగా, తారులా అయిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిచేసి కొత్త పట్టీ అంటించాలి. తర్వాత షటర్ స్పీడ్ 1/4లో పెట్టి, వెనకనుంచి లెన్స్‌లోకి చూస్తూ నొక్కండి. లోపలి రేకులు తెరుచుకుని మూసుకోవాలి. అసలు కదలకపోయినా, నీరసంగా కదిలినా వాటి మీద నూనె చేరిందన్నమాట. అది మెకానిక్ పని, మీరు విప్పకండి.

ఇక ఫోకస్. వ్యూఫైండర్ మధ్యలో పసుపు రంగు చిన్న మచ్చ కనిపిస్తుందా? అందులో అదే దృశ్యం రెండోసారి కనిపిస్తుంది, కాస్త పక్కకి జరిగి. ఇప్పుడు నేను ఆ మచ్చని గది కిటికీ చట్రం మీద పెట్టాను. నిలువు గీతలు రెండున్నాయి. లెన్స్ కింద ఈ లివర్ మెల్లగా తిప్పుతుంటే రెండోది జరుగుతూ వచ్చి... ఇదిగో, మొదటిదాంట్లో కలిసిపోయింది. ఇదే ఫోకస్. మనిషిని తీసేటప్పుడు కంటి అంచు మీదో, చొక్కా గుండీల పట్టీ మీదో పెట్టండి. గీత లేనిచోట, ఖాళీ గోడ మీద, ఎంత తిప్పినా తేలదు.

ముందు దూరంగా ఉన్న టవర్‌నో చందమామనో చూడండి. లివర్ అనంతం గుర్తు దగ్గర ఉన్నప్పుడు రెండు బొమ్మలూ ఒకటవ్వాలి. అవ్వకపోతే రేంజ్‌ఫైండర్‌ని, అంటే ఈ రెండు బొమ్మల్ని కలిపి దూరం చూపే భాగాన్ని, సరిచేయించాలి. మచ్చ మరీ మసకగా ఉంటే ఒక చిట్కా ఉంది. వ్యూఫైండర్ ముందు గాజు మధ్యలో నల్ల టేపు చిన్న ముక్క అంటించండి. వెనక వెలుతురు తగ్గి రెండో బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది.

వీధిలో తీసేటప్పుడు నేను మచ్చ వైపు చూడను కూడా. ఎఫ్/8, 3 మీటర్లు పెట్టుకుంటే 2 నుంచి 5 మీటర్ల మధ్య ఉన్నవన్నీ స్పష్టంగా వస్తాయి. లివర్ ఎక్కడుంటే ఎంత దూరమో కొన్నాళ్లకి వేలికే తెలిసిపోతుంది.

బ్యాటరీ దగ్గర కొంచెం జాగ్రత్త. దీనికి కావలసినది 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్, అది ఇప్పుడు అమ్మరు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటర్ తప్పు చెప్పొచ్చు, పైగా సెల్ అరిగేకొద్దీ రీడింగ్ మారుతుంది. వినికిడి యంత్రాల్లో వేసే 675 జింక్-ఎయిర్ సెల్ వోల్టేజి దగ్గరగా ఉంటుంది, చిన్న రింగ్ పెట్టి వేసుకోండి. మీటర్ చచ్చిపోయినా టెన్షన్ వద్దు. ఎండలో ఎఫ్/16 పెట్టి, షటర్‌ని ఫిల్మ్ స్పీడ్‌కి (ఫిల్మ్ డబ్బా మీద ఉండే 100, 400 లాంటి అంకెకి) దగ్గరగా పెట్టండి. 400 ఫిల్మ్‌కి 1/500. ఈ కెమెరాలో ఈ రెండూ ఆఖరి అంకెలే. అందుకే మండుటెండకి 100 లేదా 200 ఫిల్మ్ హాయి.

లోడింగ్ తేలిక. ఫిల్మ్ కొసని ఈ గుర్తు దాకా లాగి తలుపు మూసేస్తే చాలు. కానీ ఫిల్మ్ ముందుకు జరిపే లివర్ తిప్పిన ప్రతిసారీ ఎడమవైపు రివైండ్ నాబ్ వైపు చూడండి. అది తిరుగుతుంటే ఫిల్మ్ కదులుతున్నట్టు. నాబ్ తిప్పి ఫిల్మ్ వదులు తీసేశాక కూడా తిరగకపోతే మీరు తీస్తున్నది గాలినే.

రోల్ అయిపోయాక కింద బటన్ నొక్కి, క్రాంక్ నిదానంగా తిప్పండి. బిగువుగా తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారిగా చేతికి తేలికైపోతుంది. తలుపు అప్పుడే తెరవండి.