గ్రాఫ్ తిన్నగా ఉంటే అనుమానించండి

పరిశోధక విద్యార్థులకు, అధ్యాపక మిత్రులకు నమస్కారం.

రసాయన రియాక్టర్ ఉష్ణోగ్రత గీత గీసినట్టు తిన్నగా పోతోందంటే, దాన్ని అదుపులో ఉంచే కంట్రోల్ వాళ్లకు సంతోషం. డేటా చూసి లోపాలు పట్టే మానిటరింగ్ వాళ్లకు మాత్రం అక్కడే అనుమానం మొదలవ్వాలి. ఈ రెండు పరిశోధనలూ తరచుగా ఒకే ల్యాబ్‌లో జరుగుతాయి. అయినా ఒకరి విజయం రెండోవారి ఆధారాలను చెరిపేస్తుందన్న సంగతిని మనం పెద్దగా పట్టించుకోం.

కంట్రోలర్ చేసే పనేమిటి? వేడి పెరగబోతే కూలింగ్ వాటర్ వాల్వ్‌ను ఇంకాస్త తెరుస్తుంది. దాంతో ఒడిదుడుకు మాయమైపోదు, ఉష్ణోగ్రత నుంచి వాల్వ్ మీదికి మారుతుందంతే. జ్వరం మాత్ర వేసుకున్నాక థర్మామీటర్ పెట్టుకుంటే జబ్బు సంగతి ఏం తెలుస్తుంది?

మనందరికీ తెలిసిన టెన్నెసీ ఈస్ట్‌మన్ ప్రాసెస్‌నే తీసుకోండి. 1993లో డౌన్స్, వోగెల్ ప్రచురించిన రసాయన కర్మాగారపు సిమ్యులేషన్ అది. 41 కొలతలు, మనం మార్చగలిగినవి 12, ముందే రాసిపెట్టిన అవాంతరాలు, అంటే లోపాలు, 20. కంట్రోల్ లేకుండా వదిలేస్తే ఆ రియాక్టర్ ఎంతోసేపు నిలవదు, ప్రెషర్ హద్దు దాటి షట్‌డౌన్ అయిపోతుంది. అంటే కంట్రోలర్ చెయ్యి పడని డేటా అందులో దొరకదన్నమాట.

దాన్లో నాలుగో లోపం చూడండి. రియాక్టర్‌కు వచ్చే కూలింగ్ వాటర్ ఉన్నట్టుండి వేడెక్కుతుంది. రియాక్టర్ ఉష్ణోగ్రత ఒక్కసారి ఎగిరి, వెంటనే సర్దుకుంటుంది. మిగతా కొలతలు దాదాపు మామూలే. నీటి ప్రవాహం మాత్రం కొత్త స్థాయికి చేరి అక్కడే ఉండిపోతుంది. ఐదో లోపం ఇంకా గడుసుది. ఈసారి వేడెక్కేది ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్ నీళ్లు. సుమారు 10 గంటల్లో చాలా కొలతలు యథాస్థితికి వచ్చేస్తాయి. పీసీఏ (ఎన్నో కొలతలను కొన్నింటికి కుదించే గణాంక పద్ధతి) మీద కట్టిన, మామూలు స్థితి నుంచి ఎంత దూరం జరిగామో ఒకే సంఖ్యలో చూపే టీ-స్క్వేర్ చార్ట్ కూడా గొడవ తీరిపోయిందనే చూపిస్తుంది. తీరలేదు! కండెన్సర్ నీటి వాల్వ్ ఇంకా ఆ బరువు మోస్తూనే ఉంది.

అందుకే డేటా నుంచి వాల్వ్ సిగ్నళ్లను తీసేసి మోడల్ కట్టకండి. ఉన్నా వాటిని మిగతా కొలతలతో కలిపి ఒకే గంపగుత్త సంఖ్యగా మార్చేస్తే ఆ ఒక్క గొంతు వినపడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. వాల్వ్ అని మనం రాసుకునేది చాలాసార్లు కంట్రోలర్ పంపిన ఆదేశం మాత్రమే. వాల్వ్ బిగుసుకుపోతే ఆదేశం ఒకటి, లోపలి కదలిక ఇంకొకటి. పదిహేనో లోపం, కండెన్సర్ నీటి వాల్వ్ బిగుసుకుపోవడం, సరిగ్గా అదే. అదీ, 3, 9 నంబర్ల లోపాలూ పట్టుబడకుండా ఎంత మొండికేస్తాయో మీకు తెలిసే ఉంటుంది.

ఆ మూడింటినీ అద్భుతంగా పట్టేశామని ఎవరైనా పేపర్ రాస్తే, నేను ముందు చూసేది తప్పుడు అలారాల శాతం. అలారం మోగే హద్దును కిందికి దించితే ఏ పద్ధతైనా అన్నీ పట్టేస్తుంది. దానివల్ల టెన్షన్ పడేది కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఆపరేటర్. 1994లో బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో అక్కడివాళ్ల మీద 275 అలారాలు వచ్చి పడ్డాయి. అన్నింటిలో ఏది ముఖ్యమో తేల్చుకునే వ్యవధి ఎవరికుంటుంది?

ఇప్పుడు నాలుగో లోపానికి ఉష్ణోగ్రత గ్రాఫ్‌నూ, నీటి వాల్వ్ గ్రాఫ్‌నూ ఒకదాని కింద ఒకటి తెర మీద పెడుతున్నాను. లోపం ఎక్కడ మొదలైందో నేను చెప్పను, మీరే చెప్పండి.