పేరులో నైలు నది, కాపురం పసిఫిక్‌లో: ట్రోకస్ నత్త

స్క్రీన్ మీద ఉన్న గుల్లని ఒకసారి బాగా చూడండి. బొంగరాన్ని తలకిందులుగా నిలబెట్టినట్టు ఉంటుంది, తెల్లటి ఒంటి మీద ఎర్రటి చారలు, పెద్దదైతే అడుగు భాగం 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది. వ్యాపారంలో దీన్ని ట్రోకస్ అంటారు. శాస్త్రీయ నామం రోకియా నైలోటికా, ఇందులో నైలోటికా అంటే నైలు నదికి చెందినది అని. కానీ ఇది పగడపు దిబ్బల మీద బతికే ఉప్పునీటి నత్త. నైలు నదిలో లేదు, ఆ నది వెళ్లి కలిసే మధ్యధరా సముద్రంలోనూ లేదు.

ఈ పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1767లో. ఆ రోజుల్లో యూరప్ పండితులు చాలావరకు సముద్రం దాకా వెళ్లకుండానే, రాజులూ ధనవంతులూ పోగుచేసుకున్న గుల్లల్ని చూసి వర్ణనలు రాసేవాళ్లు. స్వీడన్ రాణి లూయిసా ఉల్రికా సేకరణ మీద లిన్నేయసే 1764లో ఒక పుస్తకం వేశాడు. ఓడల్లో, రేవుల్లో ఎన్నో చేతులు మారి వచ్చిన గుల్ల అసలు ఎక్కడ దొరికిందో చాలాసార్లు ఎవరికీ తెలిసేది కాదు, అందుకే ఆ కాలం పేర్లలో ఊళ్లు ఇలా తప్పుగా పడ్డాయి.

తప్పని తెలిసింది కదా, మార్చేయొచ్చుగా అంటారా? కుదరదు. పేరు అర్థానికి సరిపోవట్లేదన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టేయకూడదని జంతు నామకరణ నియమావళిలోనే ఉంది. నాకైతే ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది. నచ్చని పేరునల్లా మారుస్తూ పోతే రెండున్నర శతాబ్దాలుగా ఈ జీవి గురించి రాసినదంతా ఎక్కడికక్కడ తెగిపోతుంది. మారింది ప్రజాతి, అంటే శాస్త్రీయ నామంలోని మొదటి మాట మాత్రమే: లిన్నేయస్ ట్రోకస్‌లో పెట్టాడు, తర్వాతి వాళ్లు టెక్టస్ అన్నారు, ఇప్పుడు రోకియా అంటున్నారు. రోకియా లాటిన్‌లో స్త్రీలింగం కాబట్టి నైలోటికస్ కాస్తా నైలోటికా అయింది. మీరు సమాచారం వెతికేటప్పుడు మూడు పేర్లతోనూ వెతకండి, ఎందుకంటే మత్స్యశాఖల పాత రిపోర్టులన్నీ పాత పేర్లతోనే ఉన్నాయి.

ఇక అసలు ఎక్కడ ఉంటుంది? మన అండమాన్ నికోబార్ దీవుల దగ్గర నుంచి థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, ఉత్తర ఆస్ట్రేలియా, న్యూ కాలెడోనియా, వనువాటు మీదుగా ఫిజీ, వాలిస్ దాకా సహజంగా ఉంది. అలలు బాగా కొట్టే దిబ్బ అంచుల్లో, లోతు తక్కువ నీళ్లలో, రాత్రిపూట నాచు గీక్కుని తింటుంది. తూర్పున అక్కడే ఎందుకు ఆగిపోయింది అంటే, దీని లార్వా, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్ల, నీళ్లలో తేలుతూ ఉండేది కొన్ని రోజులే. ఆలోపు దిగడానికి దిబ్బ దొరకాలి. వందల కిలోమీటర్ల లోతైన సముద్రం అడ్డొస్తే దాటడం చాలా కష్టం.

ఆ సముద్రాన్ని దాటించింది మనుషులు, అదీ చొక్కా గుండీల కోసం. గుల్ల లోపలి ముత్యపు పొరతో గుండీలు కోసేవాళ్లు, ప్లాస్టిక్ రాకముందు దానికి విపరీతమైన గిరాకీ. జపాన్ పాలనలో పసిఫిక్‌లోని పలావు దీవుల నుంచి చూక్ లాంటి దీవులకి తీసుకెళ్లి వదిలారు. 1957లో తాహితీకి, కుక్ దీవుల్లోని ఐతుతాకీకి చేర్చారు. అక్కడ బాగా స్థిరపడింది కూడా.

అందుకే, ఇది దొరికే చోట్లన్నిటికీ ఒకటే రంగు వేసిన మ్యాప్ చూస్తే నాకు కోపం వస్తుంది. తాహితీ, ఫిజీ రెండూ ఒకే రంగులో ఉంటే లార్వా ఎంత దూరం పోగలదన్న లెక్కే తారుమారవుతుంది కదా! ఒడ్డున దొరికిన ఖాళీ గుల్లతో ఇంకో చిక్కుంది, సన్యాసి పీత దాన్ని వేసుకుని ఎక్కడి నుంచో మోసుకొచ్చి ఉండొచ్చు. కాబట్టి మీరు ఎక్కడైనా ఈ నత్తని చూసి ఫొటో పెడితే, చోటు పేరుతో పాటు లోపల నత్త ఉందా, పీత ఉందా, ఖాళీ గుల్లా అన్నది కూడా తప్పకుండా రాయండి.