ఎండాకాలంలో పట్నం నడక: శ్రోతల ఫోన్లు, గైడ్ జవాబులు

యాంకర్: నమస్కారం. ఈ శని, ఆదివారాల్లో హైదరాబాద్‌ను నడిచి చూద్దామనుకునే వాళ్ల కోసం ఈ రోజు కార్యక్రమం. పాతబస్తీలో నడకలు చేయించే గైడ్ గారు మనతో ఉన్నారు, మన నల్గొండ వారే. మొదటి ఫోన్ జడ్చర్ల నుంచి. చెప్పండి.

శ్రోత (జడ్చర్ల): నమస్తే సార్. డిగ్రీ చదువుతున్నాను. నలుగురం దోస్తులం ఆదివారం వస్తున్నాం. పదింటికి చార్మినార్ దగ్గర మొదలుపెట్టి సాయంత్రం దాకా తిరుగుదామని.

గైడ్: పదింటికి మొదలుపెట్టొద్దు బాబూ, పదింటికల్లా మొదటి నడక అయిపోవాలి. మే నెలలో పదకొండు దాటిందంటే నీడ పట్టాలి. మళ్లీ ఐదింటికి బయటికి రండి. మీకు మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, ఆ పెద్ద మర్రిచెట్టు నీడ అలవాటు. చార్మినార్ చుట్టూ అంతా రాయి, తారు, దుకాణాల రేకులే. ఆ వేడి కింది నుంచి కూడా కొడుతుంది.

శ్రోత: పొద్దున లేవడం కష్టం సార్...

గైడ్: అయితే సాయంత్రమే రండి. మధ్యాహ్నం మాత్రం వద్దు.

యాంకర్: థాంక్యూ. తర్వాతి ఫోన్ మిర్యాలగూడ నుంచి.

శ్రోత (మిర్యాలగూడ): సార్ నమస్తే. మా నాన్నకు 66 ఏళ్లు. చిన్నప్పుడు బేగంబజార్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తాగా నాలుగేళ్లు చేశాడు. తర్వాత ఊరికొచ్చి వ్యవసాయం. ఎప్పుడూ అంటుంటాడు, పట్నం ఒకసారి నడిచి చూడాలని. పిల్లలకు సెలవులు కూడా ఉన్నాయి. అందుకని చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, ఐదూ ఆదివారం ఒక్క రోజులో చూపించాలని. బస్సు తెల్లవారుజామున ఎక్కితే సరిపోతుందా? నాన్నకు బీపీ ఉంది, మందులు వాడతాడు. మా చెల్లెలు కొత్తపేటలో ఉంటుంది, అక్కడ దిగాలా వద్దా అని కూడా...

గైడ్: ఆగండి, ఆగండి. మిర్యాలగూడ నుంచి పట్నం చేరేసరికి ఎంత లేదన్నా మూడు గంటలు. నిద్ర చెడగొట్టుకుని వచ్చిన పెద్దాయనను ఎండలో నడిపిస్తారా? శనివారం సాయంత్రమే చెల్లెలి ఇంటికి రండి. ఆదివారం పొద్దున ఎల్‌బీనగర్ వైపు నుంచి వచ్చే మెట్రో ఎక్కి ఎంజీబీఎస్, అంటే పెద్ద బస్టాండ్ స్టేషన్‌లో దిగండి. నడక అక్కడ మొదలు.

శ్రోత: సరే సార్. గోల్కొండ ఎప్పుడు పెట్టుకోవాలి?

గైడ్: గోల్కొండ ఈసారికి వదిలేయండి. పైదాకా మూడు వందలకు పైగా మెట్లు. లతీఫ్ సాబ్ గుట్ట మధ్యాహ్నం పూట ఎక్కుతారా మీరు? ఇదీ అలాంటి రాతి గుట్టే.

శ్రోత: పిల్లలకు చప్పట్ల శబ్దం వినిపించాలని సార్. కింద చప్పట్లు కొడితే పైన వినిపిస్తుందట కదా. నాన్నను కింద కూర్చోబెట్టి మేం ఎక్కితే?

గైడ్: చార్మినార్ నుంచి అది ఎంత దూరమో తెలుసా? ట్రాఫిక్‌లో చేరేసరికే మధ్యాహ్నం అవుతుంది. పదకొండు దాటితే నీడ పట్టాలి అని ఇందాకే చెప్పాను. పిల్లలను చలికాలంలో తీసుకురండి, చప్పట్లు నేనే కొట్టించి వినిపిస్తాను. మీ నాన్న చూడాలన్నది ఏంటో అడిగారా అసలు?

శ్రోత: ఆయన అఫ్జల్‌గంజ్, నయాపూల్ అంటాడు సార్. అవి రోడ్డే కదా, చూడ్డానికేముంది అని నేనే...

గైడ్: (గొంతు తగ్గించి) అక్కడే ఉంది అంతా. రాసుకోండి. ఎంజీబీఎస్ నుంచి గౌలిగూడ మీదుగా అఫ్జల్‌గంజ్. మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, దాని దగ్గర్లోనే ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం. నయాపూల్ వంతెన మీద నిలబడితే అవతలి ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. అది దాటి మదీనా, పత్తర్‌గట్టీ, చార్‌కమాన్ మధ్యలో గుల్జార్ హౌజ్. ఎదురుగా చార్మినార్, 1591లో కట్టింది. పొద్దున ఆరున్నరకు బయలుదేరితే ఆగుతూ, కూర్చుంటూ వెళ్లినా ఎనిమిదింటికి చేరతారు. పైకి 149 మెట్లు, నాన్నను ఎక్కించొద్దు. పదింటికి ఆటోలో వెనక్కి, సాలార్‌జంగ్ మ్యూజియానికి. ఎండ వేళంతా లోపలే. పన్నెండుకు ముందే గడియారం హాల్లో పిల్లలను కూర్చోబెట్టండి. ప్రతి గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు. శుక్రవారం మాత్రం మ్యూజియం ఉండదు.

శ్రోత: నీళ్లు ఎన్ని తాగించాలి సార్? ఆయన అడిగితే గానీ తాగడు.

గైడ్: అడిగేదాకా ఆగొద్దు, మధ్యమధ్యలో మీరే ఇవ్వండి. బయలుదేరే ముందు జొన్న అంబలో మజ్జిగో తాగించండి. ఇరానీ చాయ్ తాగండి, కానీ దాన్ని నీళ్ల లెక్కలో వేయొద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నే కలపాలి. బీపీ మందుల్లో నీటి మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయించేది, ఉంటుంది కొందరికి. ఉప్పు కలిపినవి తాగొచ్చా, మందు వేళ మార్చాలా అని ముందే మీ డాక్టరును అడగండి. ఆ సంగతి నేను చెప్పకూడదు.

యాంకర్: లైన్లో ఇంకా...

శ్రోత: సార్, ఒక్క నిమిషం, నాన్న మాట్లాడతాడట.

పెద్దాయన: అయ్యా, ఉస్మానియా దవాఖాన ఆవరణలో చింతచెట్టు ఉండె. మధ్యాహ్నం సద్ది అక్కడే తినేవాణ్ని. ఉందా ఇంకా?

గైడ్: ఉంది పెద్దాయనా. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మంది దాకా ఆ చెట్టెక్కి బతికారని చెప్పుకుంటారు. ఊరిలో వేలమంది పోయిన వరద అది.

పెద్దాయన: మా సేటు చెప్పేవాడు. వాళ్ల తాత ఆ నీళ్లు చూసిండట.

గైడ్: ఆ మాట అక్కడే నిలబడి మీ మనవలకు చెప్పండి. నెమ్మదిగా నడవండి, రుమాలు తడిపి తలకు చుట్టుకోండి. అలసట అనిపిస్తే కొడుకుకు చెప్పాలి, దాచొద్దు.

పెద్దాయన: చెప్తానయ్యా.

యాంకర్: దేవరకొండ నుంచి ఫోన్.

శ్రోత (దేవరకొండ): సార్, ఆడవాళ్లం ఆరుగురం వస్తున్నాం, లాడ్ బజార్ గాజులకు. ఫ్రీ బస్సు ఉంటుందా?

గైడ్: పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉంటుందమ్మా. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ దగ్గర పెట్టుకోండి. మెట్రో రైలుకు టికెట్ కొనాలి. గాజులకు సాయంత్రమే వెళ్లండి, దీపాల వెలుగులో ఆ వీధి చూడాలి.

యాంకర్: థాంక్యూ అక్కా. వనపర్తి... హలో? కట్ అయింది. మహబూబ్‌నగర్ నుంచి చివరి ఫోన్, తొందరగా.

శ్రోత (మహబూబ్‌నగర్): సార్, పోయినేడు నడుస్తుంటే మా ఆవిడకు కళ్లు తిరిగాయి. అందరూ చుట్టూ మూగారు, ఏం చేయాలో తోచలేదు.

గైడ్: మూగినవాళ్లను ముందు పక్కకు జరపాలి, గాలి ఆడాలి. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరాలి. తెలివిలో ఉంటేనే కొద్దికొద్దిగా నీళ్లు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ, నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎన్నింటికి నడుస్తున్నారు అప్పుడు?

శ్రోత: ఒంటిగంట అయి ఉంటుంది సార్.

గైడ్: పదకొండు దాటితే...

శ్రోత: నీడ పట్టాలి. ఈసారి పొద్దున్నే వస్తాం సార్. కాచిగూడ దాకా రైల్లో వచ్చి...

యాంకర్: టైం అయిపోయిందండీ, క్షమించాలి. గైడ్ గారూ, ధన్యవాదాలు. తర్వాత వార్తలు.