తాబేలా, వలా అని అడిగితే

అక్క: నమస్కారం. నేను నెల్లూరు నుంచి, మా తమ్ముడు ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాం. నెల రోజులుగా వాడు ఒక దేశాన్ని ఏలుతున్నాడు. ఆ సంగతేమిటో ముందు నువ్వే చెప్పు.

తమ్ముడు: నేషన్‌స్టేట్స్ అని ఇంటర్నెట్‌లో ఆడే ఆట అక్కా. మాక్స్ బ్యారీ అనే ఆస్ట్రేలియా రచయిత 2002లో మొదలుపెట్టాడు. దేశానికి పేరు, నాణెం, జాతీయ జంతువు మనమే పెట్టుకుంటాం. ఆ తర్వాత సమస్యలు ఒక్కొక్కటిగా మన ముందుకు వస్తాయి. తలా ఒక సలహా ఇస్తారు. ఏదో ఒకటి ఒప్పుకోవాలి, లేదంటే సమస్యనే తోసిపుచ్చాలి.

అక్క: నిన్న రాత్రి ఫోను చేసింది దాని గురించేగా?

తమ్ముడు: అవును. అంతరించిపోతున్న జంతువుల మీద నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. కాపాడితే పరిశ్రమ దెబ్బతింటుంది, వదిలేస్తే జంతువు పోతుంది. గంటసేపు తేల్చుకోలేక చివరికి కాపాడమన్నాను. పర్యావరణం అంకె పెరిగింది, ఆర్థికం అంకె తగ్గింది. అయినా మనసుకు తృప్తిగా లేదు. తగ్గిన ఆ అంకెలో ఎవరి పొయ్యి ఆరిందో నాకు కనిపించలేదు.

అక్క: నాకు అసలు ఆ ప్రశ్న మీదే అనుమానం. మన కలివికోడి పక్షినే తీసుకో. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ పేరు మీదే దాన్ని లోకం పిలుస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, ఇక లేదనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. పగలు పొదల్లో దాక్కుని రాత్రిపూట తిరిగే పక్షి. దాన్ని వెతకడానికి ఏం చేశారో తెలుసా? పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, చదును చేసి, పొద్దున్నే వెళ్లి దాని మీద కాలి గుర్తులు చూసుకునేవారు.

తమ్ముడు: ముగ్గు వేయడానికి వాకిలి సిద్ధం చేసినట్టు!

అక్క: అచ్చం అలాగే. అలాంటి చోటికి 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం వచ్చింది. ఆ పథకం మనకు పరాయిది కాదు, మా నెల్లూరు జిల్లా కండలేరు జలాశయానికి నీళ్లు వచ్చేది దాని ద్వారానే. నీళ్లు వద్దని నేను అనగలనా? అనలేను. నీ ఆటలో అయితే పక్షా, కాలువా అని అడిగి ఊరుకునేది. ఇక్కడ కాలువ దారి మార్చారు. పొదలు కొంత పోయాక మార్చారు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కానీ దారి మార్చవచ్చన్న మాట ఎవరో ఒకరు పట్టుబట్టి అనబట్టే అది జరిగింది.

తమ్ముడు: మా వైపు సముద్రపు తాబేళ్ల సంగతి కూడా అంతే అక్కా. ఫిబ్రవరిలో కొత్తపట్నం ఒడ్డున ఒకటి చచ్చిపడి ఉంది. చిప్ప నా రెండు జానల కంటే పెద్దది. కళ్ల చుట్టూ ఇసుక, మెడ ఉబ్బి ఉంది. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దాయన దాన్ని చూసి, తల మీది తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు.

అక్క: తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి కదా. మరబోటు లాగే వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది.

తమ్ముడు: సముద్రంలో చేపల వేట నిషేధం ఉందిగా అంటారు. అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు పెరగడానికి పెట్టినది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు జనవరి నుంచే వస్తాయి. బోట్లు ఆగేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోతుంది.

అక్క: మరి జనవరి నుంచే ఆపేద్దామా? నువ్వే రాజువి, చెప్పు.

తమ్ముడు: ఆపను. ఆరు నెలలు బోటు ఒడ్డున పడి ఉంటే ఆ ఇంటివాళ్లు ఏం తింటారు? వల సంచికి ముందు ఇనుప చట్రం, దాని పక్కన తాబేలు బయటపడే దారి పెట్టే పద్ధతి ఉంది. రొయ్యలు చట్రం సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు బయటికి పోతుంది. దాంతోపాటు కొంత చేప కూడా పోతుంది. ఆ నష్టం మత్స్యకారుడి నెత్తిన వేయకుండా ఖజానా భరించాలి. వేట ఆగిన రోజులకు భృతి ఇస్తున్నప్పుడు దీనికి ఎందుకు ఇవ్వకూడదు?

అక్క: అలాంటి సలహా నీ ఆటలో ఉందా?

తమ్ముడు: నాకు కనిపించలేదు. పైగా తోసిపుచ్చితే దేశం ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ మనం ఊరుకున్న ప్రతి రాత్రీ వలలు నీళ్లలోనే ఉంటాయి.

అక్క: వచ్చే శనివారం ఒంగోలు వస్తాను. రాత్రికి ఒడ్డు వెంట నడుద్దాం. ఆ పెద్దాయన ఒప్పుకుంటే ఆయన మాటలు కూడా రికార్డు చేద్దాం.

తమ్ముడు: రా అక్కా. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని రా. తెల్లటి వెలుగు పడితే గట్టెక్కబోయే తాబేలు వెనక్కి తిరిగిపోతుంది.