మాట అన్నమయ్యది, మరి వరుస ఎవరిది?

అందరికీ నమస్కారం. ఇక్కడ సంగీతం నేర్చుకుంటున్న పిల్లలే ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను. తిరుపతిలో పెరిగినవాళ్ళకి అన్నమయ్య కీర్తన ఎవరో కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. అలిపిరి మెట్ల మీద, బస్టాండులో, పెళ్ళి మంటపాల్లో పొద్దస్తమానం చెవిన పడుతూనే ఉంటుంది. అందుకేనేమో ఒక సంగతి మనం పట్టించుకోం. ఆ పాటలో మాట అయిదారు వందల ఏళ్ళనాటిది, వరుస మాత్రం చాలావరకు మన తాతల కాలంలోనో అమ్మానాన్నల కాలంలోనో కట్టింది.

కొండమీద ఎస్వీ మ్యూజియంకి వెళ్ళినప్పుడు అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకు ముందు కాసేపు నిలబడండి. రాగం పేరు, పల్లవి, చరణాలు, అంతే. స్వరాలు లేవు, తాళం పేరు కూడా సాధారణంగా కనబడదు. అన్నమయ్య పదహారో ఏట, అంటే 1424లో, మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా పాడాడని ఆ రేకుల్లోనే రాసి ఉంది. ముప్ఫై రెండు వేల సంకీర్తనలంటారు, మనకి దక్కినవి అందులో సగం కూడా లేవు. కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగి మీద చెక్కించకపోతే అవైనా ఉండేవి కావు.

రాగం పేరుంది కదా, అది చాలదా అని మీరు అడగొచ్చు. చాలదు. ముఖారి రాగాన్నే తీసుకోండి, రేకుల్లో ఎన్నోసార్లు వస్తుంది. అన్నమయ్య పోయిన యాభై ఏళ్ళలోపే, 1550లో, రామామాత్యుడు స్వరమేళకళానిధి అనే సంగీతశాస్త్ర గ్రంథం రాశాడు. అందులో ముఖారి అంటే అన్నీ శుద్ధస్వరాలే ఉన్న మేళం, అంటే మూలరాగం, ఇవాళ మనం కనకాంగి అంటామే, ఆ స్వరాలు. ఇప్పుడు మనం పాడే ముఖారి ఖరహరప్రియ జన్యం, అంటే ఖరహరప్రియ అనే వేరే మేళం నుంచి పుట్టింది. పేరు అదే, స్వరాలు వేరు! ఇక కొండమలహరి, అబాలి, అమరసింధు లాంటి రాగాలైతే కచేరీల్లో వినపడనే వినపడవు. అందుకని "అన్నమయ్య ఇలాగే పాడాడు" అని ఎవరైనా ఢంకా బజాయించి చెప్తే నమ్మకండి.

మరి ఈ పాటలకి మళ్ళీ ప్రాణం పోసింది ఎవరు? నేను ముందుగా దణ్ణం పెట్టేది రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారికి. అనంతపురం జిల్లా మనిషి, మైసూరులో తెలుగు పాఠాలు చెప్పి, తర్వాత తిరుపతి వచ్చి ఆ రేకుల సాహిత్యం మీద కూర్చున్నారు. పండితుడు, పైగా సంగీతం క్షుణ్ణంగా తెలిసినవాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం మన అదృష్టం. ఎందుకంటే పాత తెలుగు పదం ఎక్కడ విరుగుతుందో తెలియకుండా తాళంలో పెడితే మాట ముక్కలైపోతుంది, వినేవాడికి అర్థం చేతికందదు. ఆయన వందకు పైగా కీర్తనలకి వరుసలు కట్టారు.

తర్వాత కర్ణాటక సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తిగారు. "నానాటి బతుకు" వినగానే రేవతి రాగం గుర్తొస్తుంది కదా, ఆ రేవతి రేకులో లేదు, అది నేదునూరివారి ఆలోచన. ఆ సాహిత్యంలో ఉన్న వైరాగ్యానికి అంతకంటే సరిపోయే రాగం నాకైతే తోచదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడాక అది దేశమంతా తిరిగింది. ఆవిడ విగ్రహం మన పూర్ణకుంభం సర్కిల్లో ఉంది, రోజూ దాని పక్కనుంచే పోతుంటాం, మరి వరుస కట్టినాయన పేరు అడిగితే ఎంతమంది చెప్పగలరు? "వినరో భాగ్యము"కి వరుస కట్టిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు ఈ ఊళ్ళోనే ఉండి వందలకొద్దీ కీర్తనలు స్వరపరిచి, మొన్న 2025లో వెళ్ళిపోయారు.

ఇప్పుడు వీడియో పెడితే కింద "రచన: అన్నమాచార్య" అని రాసి ఊరుకుంటున్నారు, కొందరైతే వరుస పక్కన "సంప్రదాయం" అని రాసేస్తున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. రేయింబవళ్ళు కూర్చుని కట్టిన మనిషి పేరు ముప్ఫై నలభై ఏళ్ళకే ఎగిరిపోతే ఎలా? స్టేజీ ఎక్కినప్పుడు రాగం, తాళం చెప్తారు కదా, దాంతోపాటు వరుస ఎవరిదో కూడా చెప్పండి. తెలియకపోతే గురువుగారిని అడగండి. దేవస్థానంవారు అచ్చువేసిన సంపుటాల్లో ప్రతి కీర్తనకీ రేకులో ఉన్న రాగం ఇచ్చారు, మీరు పాడే రాగంతో ఒకసారి పోల్చి చూడండి. రెండూ వేరైతే, ఆ రెండో రాగం ఎవరు ఎంచుకున్నారో వెతకండి.