మాచిపత్రి కాదది, వయ్యారిభామ

శ్రోతలకు నమస్కారం.

వినాయక చవితి ముందురోజు పత్రి కోసం వెళ్లిన మా మనవడు చంకనిండా ఆకు తెచ్చి, "తాతయ్యా, మాచిపత్రి దొరికింది" అన్నాడు. చూస్తే వయ్యారిభామ! పొదిలి రోడ్డు పక్కన కంకర గుట్ట మీద పీకాడట. వాణ్ణి ఏమీ అనలేదు. పెద్దవాళ్లే పొరబడే మొక్క అది. మాచిపత్రి ఆకు అడుగున తెల్లటి నూగు ఉంటుంది. దీనికి ఆ తెలుపు ఉండదు. నలిపి వాసన చూడక్కర్లేదు, ఆకు తిప్పి చూస్తే చాలు.

కాంగ్రెస్ గడ్డి అనేదీ దీన్నే. ఎన్నికల మాట కాదులెండి! పుట్టిల్లు అమెరికా ఖండం. 1950ల్లో పుణేలో కంటబడింది, దిగుమతి ధాన్యంతో వచ్చిందంటారు. ఇంత మొండి మొక్కకు వయ్యారిభామ అని పేరు పెట్టినవాళ్లకు దురద అంటలేదేమో.

మొలిచిన కొత్తలో క్యారెట్ ఆకులా చీలికలతో, నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటుంది. తర్వాత నిలువు గీతలున్న కాడ లేస్తుంది. నెల తిరిగేసరికి పూత. కందిగింజంత తెల్లపూలు. చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు దీని చుట్టాలే. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి బుల్లి పూల గుత్తి. వయ్యారిభామ పువ్వును దగ్గరగా చూడండి, ఐదు మూలల్లో ఐదు చిన్న రేకులు. ఒక్కో రేకు దగ్గర ఒక్కో నల్ల గింజ. అలా ఒక్క మొక్కే 10,000కు పైగా గింజలు రాలుస్తుంది.

గాయానికి పసరు పిండుకునే గడ్డి చేమంతిదీ ఇదే కుటుంబం. అది నేలబారున పాకి, పొడవాటి కాడకు ఒక్క పువ్వే పూస్తుంది, మధ్యలో పసుపు. రెంటినీ ఒక గాటన కట్టకండి.

వయ్యారిభామలో పార్థెనిన్ అనే విషపదార్థం ఉంది. పదేపదే తగిలితే కొందరికి మెడ, కనురెప్పలు, మోచేతి మడతలు దురదతో మందమెక్కుతాయి. "ఏళ్లతరబడి పీకుతున్నా నాకేం కాలేదు" అంటారు కొందరు. అదే చిక్కు. ఒళ్లు ఒకసారి ఎదురుతిరిగిందంటే తర్వాత కొంచెం తగిలినా ఊరుకోదు. పుప్పొడితో తుమ్ములు, ఆయాసం. పశువులు తింటే పాలు చేదెక్కుతాయి. ఆ పుప్పొడి మిరప, వంకాయ, టమాటా పూల మీద పడితే కాయ సరిగ్గా కట్టదు.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. నేల మెత్తగా ఉన్నప్పుడు, పూతకు ముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పెకలించాలి. కొడవలితో కోస్తే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. పూయనిదాన్ని పెంటగుంటలో వేసి కుళ్లబెట్టుకోవచ్చు. పూసినదాన్ని వేస్తే ఎరువుతో పాటు గింజలూ చేలోకి పోతాయి. ఇళ్ల మధ్యకు ఇది ఎక్కువగా వచ్చేది మట్టి, కంకర ట్రాక్టర్లతోనే. దింపిన గుట్టను నెలలోపు ఒకసారి చూసుకోండి.

ఆకుల మీద లేత రంగు రెక్కలపై గోధుమ చారలున్న చిన్న పెంకుపురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. వయ్యారిభామను తినడానికే 1980ల్లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెప్పించిన జాతి అది. ఎండలకు మట్టిలో దాక్కుని, వానలకు బయటికొస్తుంది.

మా మనవడు తెచ్చింది ఇంకా పూయలేదు. గుంటలో వేసి, వాడి చేతులు సబ్బుతో కడిగించాను. మాచిపత్రి బజారులో కొన్నాం.

సెలవు.